హైమావతి అడిగిన వసారా

మా పక్కింటి హైమావతి పటాన్‌చెరులో నాలుగేళ్లు కాపురం చేసింది. అయినా పటాన్‌చెరు ఎలా ఉంటుందో ఆవిడకు తెలియదు. నవ్వుకునేవాళ్లు నవ్వుకోండి, నాకైతే ఒళ్లు మండిపోయేది. ఆవిడ గుమ్మానికీ బొంబాయి రోడ్డుకీ మధ్య ఒక చింతచెట్టు, ఒక మురుక్కాలువ, అంతే. లారీలు, ఎడ్లబండ్లు, అంగడికి పోయే జనం, షిఫ్టుకు పోయే ఫ్యాక్టరీ బస్సు, అన్నీ ఆ గుమ్మం ముందునుంచే పోతాయి. చప్పుడు విని ఏది పోతోందో ఠకీమని చెప్పేది. చూడడం మాత్రం లేదు.

నేను చెప్పేది అరవై ఎనిమిదో సంవత్సరం సంగతి. అప్పటికి మా ఇళ్ల వైపు ఇంకా జొన్నచేలే ఉండేవి. కొత్త ఫ్యాక్టరీలో ఉద్యోగాలొచ్చి కోస్తా జిల్లాలనుంచి మాబోటివాళ్లం కొంతమంది దిగాం. మాది గుడివాడ. మా ఆయన స్టోర్సులో గుమాస్తా. హైమావతి వాళ్లది భీమవరం దగ్గర పల్లెటూరు. ఆవిడ భర్త నరసరాజు లేతు మిషను మీద పనిచేసేవాడు.

పేరులోనే తెలుస్తోందిగా, రాజులు. వాళ్ల కుటుంబంలో ఆడవాళ్లకు ఘోషా ఉండేది. పరాయి మగవాడి కంట పడకూడదు, మన గొంతు అతని చెవిన పడకూడదు. పరిచయమైన కొత్తలో నేను జాలిపడి, "ఎలా పెరిగావమ్మా ఆ జైల్లో?" అన్నాను. హైమావతి తెల్లబోయింది.

"జైలేంటక్కా? మా లోగిలి చూస్తే మీరలా అనరు."

ఇక మొదలుపెట్టింది. నట్టింట్లో ఆకాశం కనిపించే మండువా. చుట్టూ నాలుగు వసారాలు. వెనక దొడ్డి, దొడ్డిలో బావి, బావి దగ్గర ఎప్పుడూ ఓ పదిమంది ఆడవాళ్లు. పెత్తల్లి ఇంటికీ, మేనత్త ఇంటికీ దొడ్డిదారి ఉండేదిట. వీధి మొహం చూడకుండా సగం ఊరు తిరిగొచ్చేవాళ్లట. వానొస్తే మండువాలో తడిసేవాళ్లు, వెన్నెలొస్తే అక్కడే అన్నాలు తినేవాళ్లు. అంత విన్నాక నాకే ఆ లోగిట్లో నాలుగు రోజులు ఉండిరావాలనిపించింది.

పటాన్‌చెరుకు ఘోషా అయితే వచ్చింది, లోగిలి రాలేదు. అదీ చిక్కు. క్వార్టరు ఎప్పటికొస్తుందో తెలియక నరసరాజు కాస్త స్థలం కొని రెండు గదులూ వంటిల్లూ వేయించాడు. వెనక గోడ ఇంకొకరి గోడకు ఆనుకుని ఉంది, అందుకని దొడ్డి లేదు. ముందు తలుపు తీస్తే నేరుగా వీధి, అందుకని తలుపు తీయరు. కిటికీలు మగవాడు చెయ్యెత్తినా అందనంత పైన పెట్టించాడు. వాటిలోంచి చింతచెట్టు కొమ్మలు, కొంచెం ఆకాశం కనిపిస్తాయి. పిల్లలు లేరు. నరసరాజు షిఫ్టుకు పోతే ఆ రెండు గదుల్లో హైమావతీ, గోడ మీది బల్లీ ఉండేవి. నేను రోజూ పనులయ్యాక ఒకసారి వెళ్లి కూర్చునేదాన్ని. తలుపు తట్టి "నేనేనమ్మా" అనాలి. లోపలినుంచి గడియ తీసి, తలుపు చాటున నిలబడి, నేను దూరగానే మళ్లీ గడియ వేసేది.

"మనిషి మొహం చూసి నాలుగు రోజులైందక్కా" అని ఒకసారి అంది. మధ్యలో మా అత్తగారికి జ్వరమొచ్చి నేను రాలేకపోయాను.

"మీ ఆయన మొహం ఉందిగా" అన్నాను నవ్వించడానికి.

"ఆయన మొహం చీకట్లో వస్తుంది, చీకట్లో పోతుంది" అంది. నవ్వలేదు.

నరసరాజు చెడ్డవాడు కాదు, ఆ మాట చెప్పి తీరాలి. భార్యను పల్లెత్తు మాట అని ఎరుగడు. జీతం వచ్చిన రోజు మల్లెపూలు తెచ్చేవాడు. కానీ ఆ మనిషికి ఊళ్లో ఉన్న అన్నగారు కామరాజు అంటే హడల్. ఏ పని చేసినా "అన్నయ్య చూస్తే ఏమంటాడో" అన్న బెంగే. రెండు వందల యాభై మైళ్ల అవతల ఉన్న అన్నగారు ఈ రెండు గదుల ఇంట్లో మూడో మనిషిలా కాపురం ఉండేవాడు.

ఇక హైమావతి అడిగిన వసారా సంగతి. ఒకరోజు నేను వెళ్లేసరికి వంటింటి నేల మీద ముగ్గుపిండితో గీతలు గీసి కూర్చుంది. పండగా పబ్బమా ఏమీ లేదు. "ఏమిటిది?" అంటే సిగ్గుపడింది.

"ఇల్లక్కా. చూడండి, ఇది గుమ్మం. దీని ముందు ఓ అయిదారడుగులు వసారా. ఈ చివర ఒక స్తంభం, ఆ చివర ఒక స్తంభం. మధ్యలో మోకాలెత్తు గోడ. పైన పెంకులు. స్తంభాల మధ్య సన్న వెదురుపుల్లల తెర కట్టించుకుంటాను. తెర దించుకుని లోపల కూర్చుంటే బయటివాళ్లకు మనం కనపడం. మనకు మాత్రం అన్నీ కనపడతాయి. మా మేనమామ ఇంట్లో ఉండేది."

ఆవిడ ఘోషా మానేస్తానని అడగలేదు, గమనించండి. బజారుకు పంపమనలేదు, సినిమాకు తీసుకెళ్లమనలేదు. తెర వెనక కూర్చుని రోడ్డు చూస్తానంది. నేనైతే అంత తక్కువ అడిగినందుకే తిట్టేదాన్ని. కానీ ఆవిడ వేలితో ముగ్గు సరిచేస్తూ, ఇక్కడ కూర్చుని కూర తరుగుతాను, ఇక్కడ మీరు కూర్చుంటారు అని చెబుతుంటే నోరు రాలేదు.

నరసరాజు కూడా సరేనన్నాడు. తెర ఉంటుంది కదా, అన్నయ్య ఏమీ అనడు అని ముందు తనకు తాను నచ్చచెప్పుకుని ఒప్పుకున్నాడు. హైమావతి ఆ రోజు నాకు పాలకోవా పెట్టింది.

ఒప్పుకున్నంతలో వసారా లేస్తుందా? మేస్త్రీ దొరకాలి. ఇల్లు కట్టి చూడమన్నారు గానీ, కట్టిన ఇంటికి వసారా అతికించడం అంతకంటే అవస్థ అని నాకు అప్పుడే తెలిసింది. నరసరాజు ముందు మనవైపు మనిషే కావాలని త్రినాథరావు అనే కాంట్రాక్టరును పిలుచుకొచ్చాడు. ఆయన క్వార్టర్ల పని చేయిస్తున్నవాడు. చెప్పులు విప్పకుండా వీధిలోనే నిలబడి చూసి, "ఇంత కొంచెం పనికి నా మనుషులు రారండీ, మేడ వేయించేటప్పుడు కబురు చెయ్యండి" అని వెళ్లిపోయాడు. రెండోవాడు పటాన్‌చెరువాడే. రేపొస్తానని చెప్పి పోయాడు. ఆ రేపు ఇంతవరకూ రాలేదు.

మూడోవాడు ముత్తంగి నర్సన్న. పెద్దమనిషి, నెరిసిన మీసం, భుజాన గోనెసంచిలో తాపీ, సూత్రం, మట్టపలక. గుమ్మానికి దూరంగా నిలబడి దగ్గాడు.

"నేను సంగారెడ్డిల కట్టిన ఇండ్లు ఉన్నయి సారు. పోయి సూసి రండ్రి. మనసున వడితెనే పని ఇయ్యుండ్రి" అన్నాడు.

అలా అన్న మేస్త్రీని నేనెక్కడా చూడలేదు. నరసరాజు సెలవురోజున బస్సెక్కి సంగారెడ్డి పోయి చూసొచ్చాడు. దేశ్‌ముఖుల ఇళ్లు, జాగీర్దార్ల ఇళ్లు. "గోడలు కావండీ, గీత గీసినట్టున్నాయి" అని మా ఆయనతో తెగ పొగిడాడు. ఆ ఇళ్లన్నిటికీ గుమ్మం ముందు ఒక ఎత్తయిన గోడ ఉందని అతను చూడలేదో, చూసీ పట్టించుకోలేదో నాకు తెలియదు.

పని ఒప్పజెప్పేటప్పుడు నేను మా గుమ్మంలో బియ్యం ఏరుకుంటున్నాను. మాటలన్నీ వినిపించాయి.

"వసారా అయిదారడుగులు మేస్త్రీ. పైన బెంగుళూరు పెంకు. ఇంకో మాట, మా ఇంట్లో ఆడవాళ్లు బయటికి రారు. ఘోషా. నువ్వు, నీ మనుషులు కాస్త చూసుకుని మసలాలి."

"నాకు చెప్పే పని లేదు సారు. పెద్దిండ్లల్లనే పని చేసిన. మీ ఇంటి ఇజ్జత్ నా ఇజ్జత్" అన్నాడు నర్సన్న.

అంతే. మోకాలెత్తు గోడ అన్న మాట, వెదురు తెర అన్న మాట నా చెవిన పడలేదు. తర్వాత నేను గుచ్చి గుచ్చి అడిగితే, "చెప్పాననే అనుకున్నానండీ" అన్నాడు నరసరాజు. ముగ్గుతో గీసి, గీసి, ఇంటి నేలంతా తెల్లగా చేసిన మనిషి తలుపు వెనక ఉంది. ఆవిడకు మేస్త్రీతో మాట్లాడే వీలు లేదు. మాట్లాడే వీలున్న మనిషికి అది గుర్తులేదు.

నర్సన్నను తప్పుపట్టడానికి నాకు మనసొప్పదు. ఆ పెద్దమనిషి ఘోషా ఉన్న ఇళ్లు కట్టి కట్టి ఉన్నాడు. అలాంటి ఇంటికి గుమ్మం ఎదురుగా పర్దా గోడ లేవాలి. మనిషి తలను మించి ఎత్తుండాలి. వచ్చేపోయేదారి పక్కనుంచి తిప్పి పెట్టాలి. ఎంత తలుపు తీసినా వీధి కళ్లు లోపల పడవు. ఘోషా అని ఒక్క మాట చెబితే ఇదంతా చెప్పినట్టే ఆ వైపు మేస్త్రీలకు. గోడ లేకుండా వసారా వదిలేస్తే ఆ ఇంటి పరువు వీధిన పెట్టినట్టని అతని లెక్క.

పునాది తీశారు, రాయి పరిచారు, గోడ లేచింది. మోకాలి దాకా వచ్చిన రోజు హైమావతి ముఖం చూడాలి. తలుపు సందులోంచి చూస్తూ, "వచ్చేసిందక్కా, ఇక స్తంభాలే" అంది. ఆ సాయంత్రం వెదురు తెర ఎక్కడ దొరుకుతుందో కనుక్కోమని నాకు పురమాయించింది.

మర్నాడు గోడ మీద ఇంకో వరస పడింది. దాని మీద ఇంకొకటి.

నర్సన్నతో ముత్తంగి నుంచి బక్కమ్మ అనే కూలిమనిషి వచ్చేది. సున్నం తట్ట మోసేది. ఆడమనిషి కాబట్టి హైమావతి తలుపు ఓరగా తీసి ఆవిడతో మాట్లాడేది. బక్కమ్మ ఆ మాట అక్కడికక్కడే మేస్త్రీకి చేరవేసేది.

"మేస్త్రీ, అమ్మ ఇగ చాలంటున్నది. గోడ గింతనే ఉండాల్నట."

"ఎందుకు? ఇటిక తక్కువ వడుతదనా? సారు తెప్పిస్తడు తియ్యి."

"ఇటిక ముచ్చట కాదు. అమ్మకు తొవ్వ కనవడాల్నట."

నర్సన్న నవ్వాడు. వెక్కిరింత లేదు అందులో, పెద్దవాళ్లు చిన్నవాళ్ల మొగమాటం చూసి నవ్వే నవ్వు. "నాకు కష్టమైతదని అమ్మ గట్ల అంటున్నది. సగం పని చేసి పోయేటోన్ని కాను నేను. జెర నిమ్మళంగ ఉండుమను."

ఇంకోసారి బక్కమ్మ చేత చెప్పించింది. ఇంకోసారి. నర్సన్న చివరికి, "సారు చెప్పిండు, నేను కడుతున్న. సారు వద్దంటె ఆపుత" అన్నాడు. న్యాయమైన మాటే. కానీ సారు ఆ వారం రెండో షిఫ్టు, దాని మీద ఓవర్‌టైము. ఇంటికొచ్చి గోడను చీకట్లో తడిమి, "రేపు మాట్లాడతానులే" అని పడుకునేవాడు. రేపటికి ఇంకో రెండు వరసలు లేచేవి. తలుపు వెనక నిలబడి తన ముందు గోడ లేస్తుంటే చూస్తూ ఊరుకోవడం ఎలా ఉంటుందో నేను ఊహించుకోలేను. గట్టిగా ఒక్క అరుపు అరిస్తే ఆగేది. ఆ అరుపు అరవకూడదనే కదా ఉగ్గుపాలతో నేర్పారు.

సెలవురోజు వచ్చింది. నరసరాజు పగటిపూట మొదటిసారి గోడను చూశాడు. అప్పటికి అతని నుదుటి దాకా వచ్చింది. నేను అక్కడే ఉన్నాను, ఇవాళ తేలిపోతుంది అనుకుంటూ. అతను వీధిలోకి పోయి, వెనక్కి రెండడుగులు వేసి, తల పక్కకు వాల్చి చూశాడు. ముఖంలో వెలుగు కనిపించింది.

లోపలికొచ్చి, "బాగా కట్టాడే" అన్నాడు భార్యతో.

"నేనడిగింది ఇదా?"

"కాదనుకో. కట్టింది కట్టేశాడు కదా హైమా. వీధిలోంచి చూస్తే ఎంత హుందాగా ఉందో తెలుసా? అన్నయ్య చూస్తే, ఇదిరా ఇల్లంటే అంటాడు. అయినా నువ్వు తెర కట్టించుకుంటానన్నావు. తెరైనా చాటే, గోడైనా చాటే."

నాకు పట్టలేని కోపం వచ్చింది. "తెర వేరు, గోడ వేరు రాజుగారూ" అన్నాను. "మీకు తెలియదండీ మా వాళ్ల సంగతి" అని నవ్వేశాడు. నిజమే, తెలియదు. తెలిసినావిడ ఎదురుగా నిలబడి ఉంది, ఆవిడను అడగొచ్చు కదా.

అతను వెళ్లాక హైమావతి నాతో నెమ్మదిగా అంది. "తెరలోంచి నాకు కనిపిస్తుందక్కా. గోడలోంచి కనిపించదు. బయటివాళ్లకు రెండూ ఒకటే. ఆయన బయటినుంచి చూశారు."

ఆ తర్వాత జరిగింది నేను చూడలేదు. మా ఆడపడుచు పురిటికని సంగారెడ్డి ఆసుపత్రికి వెళ్లాను. హైమావతీ, బక్కమ్మా నాకు విడివిడిగా చెప్పారు. ఇద్దరి మాటలూ కలిశాయి, అందుకని చూసినట్టే చెబుతాను.

ఆ రోజుల్లో సిమెంటుకు పర్మిటు ఉండాలి. నరసరాజు తిరగ్గా తిరగ్గా వచ్చిన బస్తాలు వానకు గడ్డకట్టిపోతాయని నర్సన్న భయపడ్డాడు. అందుకని కప్పు వేయకముందే వసారాకు గచ్చు పోసేశాడు. పొద్దున పోసి, పలకతో చదును చేసి, మధ్యాహ్నానికి అద్దంలా నున్నగా చేసి పెట్టాడు. ఇంకా తడి ఆరలేదు. వాసాలు పక్కన మలుపు దగ్గర వీధిలో దించి ఉన్నాయి. ఆ మలుపులోనే గోడవారన కూర్చుని బీడీ కాలుస్తూ తన మనుషులతో అన్నాడట.

"రేపు పొద్దుగాల గోడ మీద వాసాలు ఎక్కిద్దం. ఒక్కసారి ఎక్కినయంటె ఇగ ఈ గోడ కదలది. కదిలిస్తె కప్పంత కూలుతది."

తలుపు వెనకనుంచి హైమావతి ఆ మాట విన్నది. ఇవాళ గోడ గోడే. రేపటినుంచి గోడ ఇంటిని మోస్తుంది. ఇక ఎవరూ తీయరు, తీయడానికి ఉండదు. భర్త షిఫ్టులో ఉన్నాడు. నేను ఊళ్లో లేను. బక్కమ్మ చేత చెప్పిస్తే మళ్లీ ఆ నవ్వే నవ్వుతాడు.

గడియ తీసింది.

గుమ్మం దాటి తడి గచ్చు మీద కాలు పెట్టింది. చల్లగా, మెత్తగా పాదం కిందికి దిగిందట. అది కూడా చెప్పింది నాకు. అలాగే నడుచుకుంటూ గోడ దాకా పోయి, గోడ మీద చెయ్యి వేసింది.

"మేస్త్రీగారూ" అంది.

పెద్దగా మాట్లాడి ఎరుగని గొంతు. బొంగురుగా వచ్చిందట. నర్సన్న చటుక్కున చూశాడు. ముందు కాళ్లు కనపడ్డాయి, కాళ్లగోళ్ల గోరింటాకు కనపడింది. అంతే, నిప్పు తాకినట్టు లేచి మొహం గోడవైపు తిప్పేసుకున్నాడు. మలుపు దగ్గర వాసాలు సర్దుతున్న ఇద్దరు మనుషులూ వెనక్కి తిరిగిపోయారు. ఒకడు భుజం మీది తువాలు తీసి తల మీద కప్పుకున్నాడు. బక్కమ్మ ఒక్కతే తట్ట పట్టుకుని ఆవిడను చూస్తూ నిలబడిపోయింది.

"ఈ గోడ నాకొద్దండీ. మోకాలెత్తు ఉంచి పైదంతా తీసెయ్యండి. రేపు వాసాలు ఎక్కించొద్దు. రోడ్డు కనిపించాలని నేనే వసారా అడిగాను."

"అమ్మా, మీ కాళ్లు మొక్కుత, లోపటికి వోండ్రి" అన్నాడు నర్సన్న గోడతో.

"మీరు ఇటు చూసి చెప్పండి. తీస్తారా తియ్యరా?"

"సారు వచ్చి చెప్తె తీస్త. మీరు వచ్చిన్లు అని ఎవ్వలకు తెల్వది. నేను సూడలే. మావోళ్లు ఎవ్వలు సూడలే."

"చూడమనే కదండీ చెబుతున్నాను!"

ఎవరూ తిరగలేదు. మూడు వీపులు. ముప్పై ఏళ్లొచ్చాక మొదటిసారి ఆడది గుమ్మం దాటి వచ్చి నోరు విప్పితే, ఆ పెద్దమనిషి మర్యాదకొద్దీ వినడానికైనా ఇటు తిరగలేకపోయాడు. గోడ తల మించి ఉంది కాబట్టి ఆవిడకు రోడ్డూ కనపడలేదు. వచ్చిన దారినే వెనక్కి నడిచి లోపలికి పోయింది.

బక్కమ్మ మలుపు నుంచి గడప దాకా ఒక బల్లచెక్క వేసుకుని, చెంబుతో నీళ్లు తెచ్చి గడప దగ్గర ఆవిడ పాదాలు కడిగింది. "సిమిటి కాళ్లకు కొరుకుతది దొరసానీ, పసుపు రాసుకోండ్రి" అంది.  బక్కమ్మకు ఏడుపొచ్చిందట.

ఇటు నర్సన్న ఏం చేశాడో తెలుసా? గచ్చు మీద పడ్డ అడుగులన్నీ చూశాడు. పోయినవీ, వచ్చినవీ, వేళ్లతో సహా అచ్చుదిద్దినట్టున్నాయి. ఇంత సిమెంటు పాలు కలుపుకొని, పలక వేసుకుని వంగి, గోడ దగ్గర మొదలుపెట్టి గుమ్మం దాకా ఒక్కొక్క అడుగూ తాపీతో పూడ్చి, నున్నగా చెరిపేశాడు. పూడ్చి లేచి తన మనుషులకు చెప్పాడు.

"ఇయ్యాల ఈడ ఏం కాలే. ఎవ్వడన్న నోరు తెరిస్తె నాతోని పనికి రాకుండ్రి."

సాయంత్రం నరసరాజు గచ్చు తొక్కకుండా ఆ బల్లచెక్క మీదుగా లోపలికి వచ్చాడు. హైమావతి ఎదురెళ్లి చెప్పింది. "నేను ఇవాళ బయటికి వెళ్లి మేస్త్రీతో మాట్లాడాను. గోడ తీసెయ్యమన్నాను. మీరు చెబితే తీస్తానన్నాడు. ఇప్పుడే వెళ్లి చెప్పండి."

 నరసరాజు ఆ చెక్క మీదుగానే బయటికి పరిగెత్తాడు. నర్సన్న పనిముట్లు కడుక్కుంటున్నాడు.

"నర్సన్నా, మా ఆవిడ బయటికొచ్చిందా?"

"అమ్మనా? లేదు సారు. ఎవ్వలు రాలే."

"నిజం చెప్పు."

"గచ్చు సూడుండ్రి సారు. పచ్చి గచ్చు. మనిషి నడిస్తె అడుగు వడకపోతదా?"

నరసరాజు గచ్చు చూశాడు. ఒక్క అడుగు లేదు. గుండె కుదుటపడింది. అయినా భార్య మాట చెవిలో ఉంది కాబట్టి, బక్కమ్మను పిలిచి అడిగాడు. తలుపు వెనకనుంచి హైమావతి వింటోంది. బక్కమ్మ తన కళ్లలోకి చూసి మాట్లాడింది, తన కాళ్లు కడిగింది. ఆవిడైనా చెబుతుంది కదా.

"నేను సూడలే సారు. అమ్మ బంగారమసొంటిది. గడప దాటలే" అంది బక్కమ్మ.

ఎందుకలా చెప్పావే అని తర్వాత నేను నిలదీశాను. "తంతడనుకున్న అమ్మా. మా దిక్కు గిట్లాంటియి మొగోడికి తెలిస్తె సంపుతరు. అమ్మను కాపాడిన్ననుకున్న" అంది. ఇంకేమంటాను? అందరూ ఆవిడను కాపాడినవాళ్లే.

నరసరాజు లోపలికి వచ్చి భార్య నుదుటి మీద చెయ్యి వేసి చూశాడు. "ఎండ దెబ్బ తగిలిందేమో హైమా. గచ్చు మీద అడుగే లేదు. ఎవరూ చూడలేదంటున్నారు" అన్నాడు ప్రేమగా. మజ్జిగలో నిమ్మకాయ పిండి తాగించాడు. మర్నాడు వాసాలు ఎక్కాయి. ఆ వారంలోనే పెంకులు పరిచారు.

నేను సంగారెడ్డి నుంచి వచ్చేసరికి వసారా పూర్తయిపోయింది. మిట్టమధ్యాహ్నం కూడా అందులో మసకచీకటే. పక్కన మలుపు దగ్గరనుంచి చాపంత వెలుగు పడేది. హైమావతి అక్కడే గోడకు ఆనుకుని కూర్చుని జరిగిందంతా చెప్పి, నా చెయ్యి పట్టుకుంది.

"మీరైనా నమ్మండక్కా. నేను వచ్చాను."

"నమ్మాను తల్లీ" అన్నాను. నమ్మి ఏం లాభం? ఆ సాయంత్రం నరసరాజును పట్టుకుని కడిగేశాను. ఆయన తలొంచుకుని అన్నీ విని, "గచ్చు మీద అడుగు లేదు కదండీ" అన్నాడు. ఆ గచ్చు మీద గునపంతో ఒక్క పోటు పొడవాలనిపించింది నాకు.

వానలు పడ్డాయి, తగ్గాయి. పెంకుల సందుల్లోంచి జల్లు పడి వసారా మట్టి మట్టి అయ్యేది. హైమావతి చెంబుతో నీళ్లు పోసి కడిగేది. ఒక ఉదయం నేను వెళ్లేసరికి చీపురు పక్కన పడేసి, నేలకేసి చూస్తూ నిలబడి ఉంది. "అక్కా, ఇటు రండి, కాలు పెట్టకుండా రండి" అని పిలిచింది.

నర్సన్న వాటం పెట్టి పోసిన గచ్చు అది, నీళ్లు ఒక్క చుక్క నిలవకుండా మలుపువైపు జారిపోతాయి. జారిపోయాయి కూడా. కానీ గుమ్మం దగ్గరనుంచి గోడ దాకా అక్కడక్కడా చిన్న చిన్న మడుగులు మిగిలాయి. కుడి, ఎడమ, కుడి, ఎడమ. పైన పూసిన సిమెంటు పాలు ఆరి కుంగిపోయినట్టున్నాయి. చూపుకు తెలియదు, వేలితో తడిమినా తెలియదు. నీళ్లకు మాత్రం తెలిసింది.

"ఇవి వెళ్లినవి. అవి తిరిగొచ్చినవి" అంది హైమావతి. ఒక మడుగులో పాదం పెట్టింది. సరిపోయింది. అప్పుడు ఏడ్చింది. అంతకుముందు ఏడవడం నేను చూడలేదు.

అప్పటినుంచి రోజూ వసారా కడగడం ఆవిడకు ఒక పని. కడిగి, ఆ మడుగులు ఆరిపోయేదాకా గుమ్మంలో కూర్చునేది. గోడ అవతల లారీలు పోయేవి.

ఓ సెలవురోజు నరసరాజు ఆ తడిలో జారబోయి గమనించాడు. "ఎంత పనిమంతుడనుకున్నాను, గుంటలు గుంటలుగా పోశాడు. నర్సన్నను పిలిపిస్తాను, వచ్చి నిండా ఒక పూత వేసి పోతాడు" అన్నాడు. నేను అక్కడే ఉన్నాను.

హైమావతి గుమ్మంలోంచి లేచి నిలబడింది.

"ఈ గచ్చు మీద తాపీ పడనివ్వను. పడిందంటే నేను మళ్లీ బయటికొస్తాను. ఈసారి రోడ్డు దాకా వస్తాను. ఎంతమంది మొహాలు తిప్పుకుంటారో చూస్తాను."

అంత గట్టిగా ఆవిడ మాట్లాడగా నేను వినలేదు. గోడ అవతల సైకిలు మీద పోతున్నవాడెవడో ఆగినట్టు బెల్లు మోగి ఊరుకుంది. నరసరాజు ఏదో అనబోయాడు. చూపు నేల మీదికి పోయింది. గుమ్మం దగ్గరనుంచి గోడ దాకా మడుగులు చూసుకుంటూ పోయి, గోడ దగ్గర ఆగి, మళ్లీ గుమ్మం దాకా వచ్చాడు. భార్య పాదాల కేసి చూశాడు.  ఆ మడుగులు తొక్కకుండా, గోడవారగా ఒదిగి నడిచి బయటికి పోయాడు.

నర్సన్నను పిలిపించలేదు. గోడా తీయించలేదు, తీస్తే కప్పు కూలుతుంది కదా. హైమావతి ఎప్పటిలాగే మర్నాడు పొద్దున్నే లేచి వసారా కడుక్కుంది.